ముందు తలుపు గీకి చూడండి!

వంటింటి కబోర్డులు పాతబడితే పీకి పారేయడం తగ్గింది. పాత తలుపులకే కొత్త రంగు కొట్టించుకుంటున్నారు. ఫోను తెరిస్తే చాలు, ‘చిన్న గన్నుతో కొత్త కిచెన్’ అని వీడియోలు ఊరిస్తున్నాయి. ఇంతకీ ఏ గన్ను కొనాలి? అసలు కొనాలా?

దొంతన్‌పల్లిలో ఓ ఇంటి ముందు గచ్చు మీద రెండు స్టూళ్లు, వాటి మధ్య రెండు చెక్క పట్టీలు. వాటి మీద వెల్లకిలా పడుకోబెట్టిన వంటింటి కబోర్డు తలుపు. పొయ్యి పైనుంచి విప్పుకొచ్చిన తలుపది. పక్కనే, ఆన్‌లైన్‌లో తెప్పించిన స్ప్రే గన్ను ఇంకా అట్టపెట్టెలోనే ఉంది. ఇంటాయన కొడుకు దాన్ని బయటికి తీసేలోపే పెయింటు మేస్త్రీ తలుపు పిడి దగ్గర బొటనవేలి గోరుతో ఒక్క గీత గీశాడు. గోటి కిందికి గోధుమ రంగు మైనంలాంటిది చుట్టుకుని వచ్చింది.

“చూసిన్రా అమ్మా! ఇన్నేండ్ల పోపంతా ఈడనే ఉన్నది. గీ జిడ్డు మీద ఏ గన్నుతోటి కొట్టినా రంగు ఆగది.”

“మరి వీడియోల ఒక్క దినంల అయిపోయింది గదన్నా?” అన్నాడు కుర్రాడు.

“ఆళ్ల వంటింట్ల వంట చేసిన్రో లేదో ఎవరికెరుక?”

ఇంటావిడ నవ్వేసింది. గన్ను అట్టపెట్టెలోనే ఉండిపోయింది. ఆ పూటంతా సబ్బు నీళ్లతో, స్క్రబ్బరుతోనే గడిచింది.

ఇప్పుడే ఎందుకీ ఊపు?

రంగారెడ్డి జిల్లా శంకర్‌పల్లి మండలంలోని దొంతన్‌పల్లి పేరు చెబితే చాలామందికి ఇక్ఫాయ్ విశ్వవిద్యాలయమే గుర్తొస్తుంది. కోకాపేట, నార్సింగి వైపు నుంచి హైదరాబాద్ నగరం పాకుతూ వస్తున్న దారి ఇది. దగ్గర్లోని మోకిలలో 2023లో హెచ్‌ఎండీఏ ప్లాట్లు వేలం వేసిందంటే ఈ దారికి ఎంత గిరాకీ ఉందో అర్థమవుతుంది. చేవెళ్ల, మొయినాబాద్ వైపు కూరగాయల మళ్లూ పూలతోటల పాలీహౌసులూ ఒకపక్క, విల్లాల ప్రహరీలు ఇంకోపక్క. పాత పెంకుటింటి టేకు అల్మారీ, కొత్త విల్లా మాడ్యులర్ కిచెన్ పక్కపక్క వీధుల్లోనే కనిపిస్తాయి.

రెండింటికీ ఒకటే వయసు సమస్య. లోపలి పెట్టెలు గట్టిగానే ఉంటాయి, చూపు పడే తలుపులు మాత్రం వెలిసిపోతాయి. పొయ్యి పక్కన పసుపు మరకలు, సింకు కింద ఉబ్బిన అంచులు, పిడుల చుట్టూ నల్లబడ్డ చేతి ముద్రలు. మొత్తం మార్చాలంటే లక్షల్లో మాట. తలుపులకు మాత్రమే రంగు వేయిస్తే అందులో కొంతతోనే పని అయిపోతుంది. పైగా బ్రష్షుతో వేస్తే గీతలు పడతాయి, రోలరుతో వేస్తే చుక్కలు తేలతాయి. అద్దంలా నున్నగా రావాలంటే స్ప్రే చేయాల్సిందే. ఇక్కడిదాకా వీడియోలు చెప్పేది నిజమే. అవి దాటేసేదల్లా గన్ను పట్టేముందు జరగాల్సిన పనిని.

తలుపు దేంతో చేశారు?

దుకాణానికి వెళ్లి “కబోర్డులకు మంచి గన్ను ఇవ్వండి” అంటే షాపువాడు ఏదో ఒకటి ఇస్తాడు. తలుపు దేనితో చేసిందో తేల్చుకుంటే ఏ ప్రైమరు, ఏ రంగు అన్నది తేలుతుంది. ఏ రంగో తేలితే గన్ను దానంతటదే తేలిపోతుంది. ఈ వరస తిరగబడితే డబ్బు దండగ.

టేకు, ఇతర చెక్క తలుపులైతే అదృష్టవంతులే. ఉప్పుకాగితం పట్టించుకుంటాయి, ప్రైమరు పీల్చుకుంటాయి. ప్లైవుడ్ మీద సన్‌మైకా అంటించినవి మన ఇళ్లలో బాగా ఎక్కువ. మరకలు పట్టకుండా తయారుచేసిన ఉపరితలం అది, రంగునూ పట్టనివ్వదు. 220, ఆ తర్వాత 320 నంబరు కాగితంతో మెరుపంతా పోయేదాకా రుద్ది, నున్నటి ఉపరితలాలకు అతుక్కునే ప్రత్యేక ప్రైమరు వేస్తేనే నిలుస్తుంది. సన్‌మైకా అంచు లేచిపోయి ఉంటే ముందు దాన్ని ఫెవికాల్‌తో అంటించాలి. లేచిన అంచు మీద రంగు వేసినా ఆ అంచు లేస్తూనే ఉంటుంది.

ఎండీఎఫ్ తలుపులు స్ప్రేకు బాగుంటాయి. కానీ కోసిన అంచులు రంగును బాగా తాగేస్తాయి. వాటికి రెండు మూడుసార్లు ప్రైమరు పట్టించి రుద్దాల్సిందే. సింకు కింద నీళ్లు తాగి ఉబ్బిపోయిన ఎండీఎఫ్‌ను ఏ రంగూ కాపాడదు, ఆ ఒక్క తలుపూ కొత్తది చేయించుకోవడమే. పైన పీవీసీ పొర అతికించిన తలుపులు పొయ్యి వేడికి ఊడుతుంటాయి. ఊడుతున్న పొర మీద రంగు వేస్తే రెండూ కలిసి ఊడతాయి. పొర లాగేసి, కింది ఎండీఎఫ్‌ను శుభ్రం చేసి మొదటి నుంచి మొదలుపెట్టాలి.

■ బ్లేడు పరీక్ష

*కబోర్డు వెనకవైపు, ఎవరికీ కనిపించని చోట అరచేతంత మేర శుభ్రం చేసి, రుద్ది, ప్రైమరు, రంగు వేయండి. వారం ఆగండి. బ్లేడుతో అడ్డంగా, నిలువుగా గళ్లు గళ్లుగా గీసి, దాని మీద గట్టి టేపు అంటించి ఒక్కసారిగా లాగండి. టేపుతో పాటు రంగు ముక్కలు ఊడొస్తే ప్రైమరు మార్చాలి. గళ్లు చెక్కుచెదరకపోతే మిగతా తలుపులకు ధైర్యంగా వెళ్లొచ్చు.*

పోపు పెట్టిన చోట...

స్ప్రే గన్ను తయారుచేసే విదేశీ కంపెనీలు రాసే సూచనల్లో మన వంటింటి సంగతి ఉండదు. రోజుకు రెండు పూటలా కాగే నూనె ఆవిరై పైకి లేచి తలుపుల మీద వాలుతుంది. అక్కడితో ఆగదు. గాలిలోని ఆక్సిజన్‌తో కలిసి నెమ్మదిగా గట్టిపడి జిగురు పొరగా మారుతుంది. తడిగుడ్డతో తుడిస్తే పోయేది పైన దుమ్మే, ఆ పొర కాదు.

దీనికి ఓ క్రమం ఉంది. ముందు గోరువెచ్చటి నీళ్లలో వాషింగ్ సోడా లేదా గిన్నెల సబ్బు కలిపి రుద్దాలి. ఆ సబ్బూ మిగలకుండా మంచి నీళ్లతో రెండుసార్లు తుడవాలి. బాగా ఆరాక తెల్లగుడ్డను టిన్నరులో ముంచి తుడవాలి. గుడ్డ పచ్చగా మారుతున్నంతసేపూ పని మిగిలి ఉన్నట్టే. ఇదంతా అయ్యాకే ఉప్పుకాగితం. జిడ్డు ఉండగానే రుద్దితే ఆ జిడ్డు కాస్తా గీతల్లోకి దిగి కూర్చుంటుంది. మెరుపు కోసం ఫర్నిచర్ పాలిష్ కొట్టే అలవాటున్న ఇళ్లలో ఇంకో తంటా. అందులోని సిలికాన్ రవ్వంత మిగిలినా, తడి రంగు దాన్నుంచి పక్కకు జరిగి గుండ్రటి గుంటలు పడతాయి. అవి ఎన్ని కోట్లు కొట్టినా పూడవు.

పాతింటి అల్మారీల విషయంలో మరో జాగ్రత్త. ఇంటి రంగుల్లో సీసం 90 పీపీఎం మించకూడదన్న కేంద్ర ప్రభుత్వ నియమాలు 2016లో వచ్చి, 2017 నవంబరు 1 నుంచి అమల్లోకి వచ్చాయి. అంతకుముందు వేసిన ఎనామిల్లో సీసం ఉండే అవకాశం ఉంది. అలాంటిదాన్ని పొడిగా గీకితే లేచే దుమ్ము చిన్నపిల్లలకు హాని. నీటిలో తడిపే ఎమరీ కాగితంతో తడిగా రుద్దాలి. తడిగుడ్డతో తుడిచి, ఆ తుక్కును మూటగట్టి పారేయాలి. చీపురుతో ఊడిస్తే ఇల్లంతా చేరుతుంది.

గొంతు మందు సీసా నుంచి కారు దాకా

ఈ గన్నుకు మూలం రంగుల దుకాణంలో లేదు. అమెరికాలోని టొలీడో నగరంలో డాక్టర్ అలెన్ డివిల్‌బిస్ గొంతులోకి మందు తుంపరగా కొట్టే పరికరం కనిపెట్టి, 1888లో కంపెనీ పెట్టాడు. ఆయన కొడుకు థామస్ అదే సూత్రాన్ని పెద్దది చేసి 1907లో రంగు కొట్టే గన్నుగా మలిచాడు. 1923లో డ్యూపాంట్ కంపెనీ ‘డ్యూకో’ అనే లక్కర్ తెచ్చింది. అంతవరకూ కారుకు రంగు వేసి ఆరబెట్టడానికి వారాలు పట్టేది. డ్యూకోను గన్నుతో కొడితే గంటల్లో ఆరిపోయింది. కార్ల ఫ్యాక్టరీల రూపురేఖలే మారాయి.

ఆ డ్యూకో మన నిర్మల్ దాకా వచ్చింది. పొణికి చెక్క బొమ్మలు చెక్కి, చింతగింజల జిగురుతో లప్పం పట్టించి, నున్నగా చేసి రంగులద్దే నిర్మల్ కళాకారుల చేతికీ డ్యూకో రంగులు చేరాయి. ఆ బొమ్మల మెరుపులో సగం లప్పందీ నునుపుదీ. ఇవాళ వంటింటి తలుపు మీద మేస్త్రీ చేసే పనీ అదే వరసలో సాగుతుంది.

నాలుగు గన్నులు, నాలుగు తీరులు

*చేతి ఎలక్ట్రిక్ గన్ను.* ఆన్‌లైన్‌లో కనిపించేవన్నీ దాదాపు ఇవే. బాష్, బ్లాక్ అండ్ డెకర్, వాగ్నర్ వంటి కంపెనీలవీ ఉన్నాయి, పేరు తెలియనివీ ఉన్నాయి. రెండు మూడు వేల నుంచి మొదలవుతాయి. లోపల చిన్న టర్బైన్ ఎక్కువ గాలిని తక్కువ ఒత్తిడితో ఊదుతుంది. దీన్నే హెచ్‌వీఎల్‌పీ అంటారు. రంగు ఇల్లంతా ఎగరదు, ఎక్కువ భాగం తలుపుకే అంటుతుంది. నేర్చుకోవడం తేలిక. కానీ చిక్కటి రంగు లాగలేదు. తుంపర కాస్త పెద్దగా పడటంతో ఆరాక నారింజ తొక్కలాంటి గరుకు తేలుతుంది. నీటితో కలిపే ఎనామిల్‌కు, సొంతింటి పనికి ఇది చాలు. కొనేటప్పుడు చూడాల్సింది వాట్లు ఒక్కటే కాదు. సన్నటి నాజిల్ విడిగా దొరుకుతుందా, రంగు ధారను తగ్గించే మర ఉందా, కడగడానికి పూర్తిగా విప్పవచ్చా అన్నది చూడాలి.

*కంప్రెసర్ గన్ను.* మెకానిక్ షెడ్లలో, ఫర్నిచర్ దుకాణాల్లో ఉండేది. పైన కప్పు, కింద గాలి గొట్టం. 1.3 నుంచి 1.4 మిల్లీమీటర్ల నాజిల్‌తో పీయూ (పాలీయురెథేన్) రంగు కొడితే వచ్చే నునుపు మరే పద్ధతిలోనూ ఇంత చవగ్గా రాదు. మెలకువంతా కంప్రెసర్‌లో ఉంది. కంప్రెసర్‌తో నడిచే హెచ్‌వీఎల్‌పీ గన్నుకు నిమిషానికి 8 నుంచి 14 ఘనపుటడుగుల గాలి కావాలి. 1 హెచ్‌పీ చిన్న కంప్రెసర్ ఇచ్చేది 3, 4 మాత్రమే. తలుపు మధ్యలోకి వచ్చేసరికి ఒత్తిడి పడిపోయి చుక్కలు చిమ్ముతుంది. చిన్న కంప్రెసరే ఉంటే తక్కువ గాలితో పనిచేసే ఎల్‌వీఎల్‌పీ గన్ను తీసుకోవాలి. గాలి గొట్టానికి నీటిని వడకట్టే ఫిల్టరు తప్పనిసరి. వానాకాలంలో ట్యాంకులో పేరుకునే నీరు ఒక్క బొట్టు పడ్డా తలుపు మళ్లీ రుద్దుకోవాలి.

*ఎయిర్‌లెస్.* గాలి కలవకుండా పంపు రంగునే 1,500 నుంచి 3,000 పీఎస్‌ఐ ఒత్తిడితో సన్న రంధ్రం గుండా తోస్తుంది. విల్లాల గోడలకు, పెద్ద కాంట్రాక్టులకు ఇదే సరి. ఒక్క వంటింటి కోసమైతే దండగ. 15 మీటర్ల గొట్టంలోనే దాదాపు అర లీటరు రంగు నిలిచిపోతుంది. ప్రతిసారీ కడగాలి, ఆ కడిగిన టిన్నరంతా వృథా. చేయి తిరగని వాళ్లు కొడితే నిలువు తలుపు మీద రంగు కన్నీళ్లలా కారుతుంది. ఒకవేళ వాడాల్సే వస్తే టిప్పు మీద అంకెలు చూడాలి. 310 అని ఉంటే మొదటి అంకెను రెట్టింపు చేస్తే 6 అంగుళాల వెడల్పు ధార. చివరి రెండంకెలు రంధ్రం కొలత, అంగుళంలో వెయ్యోవంతు లెక్కన 10. కబోర్డులకు 308, 310 సరిపోతాయి. గోడల టిప్పు 517 పెట్టి కబోర్డులు కొడితే గోవిందా!

ఎయిర్‌లెస్ ధార ఎదుట వేలు పెట్టకూడదు. కారు టైరులో గాలికి దాదాపు యాభై నుంచి వంద రెట్ల ఒత్తిడితో రంగు చర్మంలోకి దిగిపోతుంది. పైకి సూది గుచ్చినంత గాయమే కనిపిస్తుంది. లోపల మాత్రం కణజాలం చచ్చిపోతుంది, వేలు తీసేయాల్సి రావచ్చు. పసుపు పెట్టి ఊరుకోకుండా వెంటనే ఆసుపత్రికి వెళ్లి, ఎంత ఒత్తిడితో ఏ రంగు దిగిందో డాక్టరుకు చెప్పాలి.

*గాలి తోడున్న ఎయిర్‌లెస్.* ఫ్యాక్టరీల్లో ఉండేది. ఖరీదు చూస్తే ఇంటి పనికి ఆ ఆలోచనే అక్కర్లేదు.

చేవెళ్ల వైపు ఇళ్లలో ఐదో రకం కూడా అటక మీద ఉంటుంది. పురుగుమందు కొట్టే తైవాన్ పంపు. “ఇదీ తుంపరే కదా” అని దానికి రంగు పట్టించే సాహసం వద్దు. పలుచటి నీటి మందుల కోసం చేసిన నాజిల్ అది, రంగును సన్నగా విడదీయలేదు. పైగా అందులో మిగిలిన మందు వంటింటి తలుపు మీదికి చేరుతుంది.

■ దారి తప్పని చేయి

*గన్ను తలుపుకు 6 నుంచి 8 అంగుళాల దూరంలో ఉండాలి. ఎయిర్‌లెస్ అయితే 10 నుంచి 12. మణికట్టు విసనకర్రలా తిప్పకూడదు, చేయి మొత్తం తలుపుతో సమాంతరంగా జరగాలి. ట్రిగ్గరు అంచుకు బయటే నొక్కి, అవతలి అంచు దాటాక వదలాలి. ప్రతి వరసా అంతకుముందు వరసలో సగం కప్పాలి. ముందు అంచులు, ఆ తర్వాత మధ్య భాగం. ఒక్క మందపాటి కోటు కన్నా మూడు పలుచటివి మేలు.*

కప్పులో రంగు, గడియారంలో సెకన్లు

చాలామంది గన్నును తిట్టే సందర్భాల్లో తప్పు కలిపిన రంగుది. రంగు ఎంత పలుచగా ఉందో చూడటానికి ఫోర్డ్ కప్పు అని చిన్న పాత్ర ఉంటుంది, అడుగున కచ్చితమైన రంధ్రంతో. దాన్ని నింపి, వేలు తీసి, ధార తెగేదాకా సెకన్లు లెక్కపెడతారు. పీయూ వంటి వాటికి 18 నుంచి 22 సెకన్లు అని డబ్బా మీదో, కంపెనీ కాగితంలోనో రాసి ఉంటుంది. మేస్త్రీలు కప్పు లేకుండానే కర్ర ముంచి ఎత్తి, ధార ఎక్కడ చుక్కలుగా విడిపోతుందో చూసి చెప్పేస్తారు. కొత్తవాళ్లకు ఆ చూపు ఉండదు, కప్పే దిక్కు. రాణిగంజ్ హార్డ్‌వేర్ దుకాణాల్లో అడిగి చూడండి. కలిపిన రంగును పాత నైలాన్ చీర ముక్కతోనైనా వడగట్టకుండా కప్పులో పోయకూడదు. చిన్న పలుకు చాలు నాజిల్ మూసుకుపోవడానికి.

రుతువు సంగతీ ఉంది. మే ఎండలో తుంపర తలుపు చేరేలోపే ఆరిపోయి ఇసుక చల్లినట్టు పడుతుంది. వానల్లో లక్కర్ తెల్లగా మబ్బు పడుతుంది, పీయూలో తేమ చేరి బుడగలు లేస్తాయి. కార్తీకం నుంచి శివరాత్రి దాకా ఇక్కడ మంచి కాలం. మట్టి లారీలు తిరిగే రోడ్డు పక్క ఇళ్లవాళ్లు పొద్దున్నే, గాలి లేవకముందే కొట్టేసుకోవాలి. నేల మీద నీళ్లు చల్లితే దుమ్ము లేవదు.

మేస్త్రీ ముఖానికి తువ్వాలే గతా?

ఈ పని ధర మాట్లాడేటప్పుడు ఎవరూ లెక్కలోకి తీసుకోనిది గన్ను పట్టిన మనిషి ఊపిరి. రెండు డబ్బాల పీయూలో హార్డెనర్ అనే రెండోదాన్ని కలపకపోతే రంగు గట్టిపడదు. అందులో ఐసోసయనేట్లు ఉంటాయి. 1984లో భోపాల్‌ను చంపిన వాయువు వేరు, కానీ ఇవీ ఆ రసాయన కుటుంబానివే. బ్రష్షుతో వేసేటప్పటి కన్నా స్ప్రే చేసేటప్పుడు ముప్పు చాలా ఎక్కువ, తుంపరగా మారి నేరుగా ఊపిరితిత్తుల్లోకి వెళతాయి కాబట్టి. ఒకసారి శరీరానికి పడకుండా పోతే, ఆ తర్వాత లేశమంత పీల్చినా ఉబ్బసం లేస్తుంది. చేతిపని మానేయాల్సిన స్థితి వస్తుంది. వాసన రాలేదు కదా అని ధీమా పడటానికీ లేదు, హాని చేసే మోతాదులో వీటికి వాసన తెలియకపోవచ్చు.

ముఖానికి చుట్టుకున్న తువ్వాలు, కరోనా నాటి గుడ్డ మాస్కు ఆవిర్లను ఆపవు. టిన్నరు ఉన్న మామూలు రంగులకు కనీసం ఆవిర్లను పీల్చుకునే కార్ట్రిడ్జి, దాని ముందు తుంపరను ఆపే ఫిల్టరు ఉన్న రబ్బరు మాస్కు కావాలి. రెండు డబ్బాల పీయూకు బయటి నుంచి మంచి గాలి అందించే ముసుగు వాడటమే పద్ధతి. అది లేనప్పుడు ఇంట్లో పీయూ స్ప్రే పెట్టుకోకపోవడమే మంచిది. తలుపులు విప్పి, తగిన ఏర్పాటున్న వర్క్‌షాపుకు పంపేయడమో, నీటి ఆధారిత ఎనామిల్‌కు మారడమో చేయాలి. నీటిదైనా తుంపర ఊపిరిలోకి పోకూడదు, మాస్కు మాత్రం తప్పదు.

ఇక నిప్పు. టిన్నరు ఆవిరి గాలికన్నా బరువు. నేల వెంట పాకుతూ పక్కగదిలోని పొయ్యిని, ఫ్రిజ్ స్విచ్చును, ఇన్వర్టరును చేరుతుంది. అందుకే వంటగదిలో నిలబడి టిన్నరు రంగు కొట్టే పద్ధతే తప్పు. తలుపులన్నీ విప్పి, వెనక నంబర్లు రాసి, బయట షెడ్డులోకో వరండాలోకో చేర్చాలి. విప్పలేని పెట్టెల అంచులకు చిన్న రోలరుతో నీటి రంగు చాలు. సిలిండరు బయటపెట్టి, కిటికీలు తెరిచే ఆ పని చేయాలి.

■ మేస్త్రీని అడగాల్సిన 5 ప్రశ్నలు

*1. జిడ్డు దేనితో తీస్తారు, ఎన్ని పూటలు?*
*2. మా తలుపులకు ఏ ప్రైమరు? ముక్క మీద వేసి చూపిస్తారా?*
*3. రంగు ఒక డబ్బాదా, రెండు డబ్బాలదా?*
*4. ఎక్కడ కొడతారు? తలుపులు విప్పుతారా?*
*5. కొట్టే మనిషికి మాస్కు ఉందా? లేకపోతే ఎంతవుతుంది, మేం కొనిస్తే వాడతారా?*

చివరికి ఎవరు ఏది కొనాలి?

ఒక్క వంటిల్లు, తీరిక ఉంది, స్వయంగా చేయాలన్న సరదా ఉంది, తలుపులు చెక్కవో సన్‌మైకావో అయితే మంచి కంపెనీ చేతి గన్ను, నీటి ఆధారిత ఎనామిల్ చాలు. అద్దంలాంటి మెరుపు కావాలంటే తలుపులు విప్పి వర్క్‌షాపులో కంప్రెసర్ గన్నుతో పీయూ కొట్టించండి. గన్ను కొనాల్సిన పనే లేదు. నాలుగైదు విల్లాల కాంట్రాక్టు పట్టిన వాళ్లకు ఎయిర్‌లెస్ పెట్టుబడి తిరిగొస్తుంది, అదీ సన్న టిప్పులు, ఆ ఒత్తిడి తెలిసిన చేతులు ఉంటేనే.

మరో మాట. రంగు గంటల్లో ఆరుతుంది గానీ గట్టిపడటానికి వేళ్లు మడిచి లెక్కపెట్టాలి. పీయూకు వారం, నీటి ఎనామిల్‌కు రెండు నుంచి నాలుగు వారాలు. ఈలోపు తడిగుడ్డతో గట్టిగా తుడవడాలు, పిడులకు పిండి చేతులు వద్దు. గృహప్రవేశమో, పెళ్లిచూపులో పెట్టుకుని ముందురోజు రాత్రి రంగు ముగిస్తే బంధువుల చేతి గుర్తులు తలుపుల మీద మిగిలిపోతాయి. ముహూర్తానికి నెల ముందే పని మొదలుపెట్టండి.

బడ్జెట్ రాసుకునేటప్పుడు మొదటి గీటు సబ్బు, సోడా, ఉప్పుకాగితాలకు. రెండోది ప్రైమరుకు. మూడోది మాస్కుకు. నాలుగోది రంగుకు. గన్నుకు ఐదో గీటు. మొదటి నాలుగింటిలో ఏది కోసి గన్నుకు కలిపినా, రెండేళ్లు తిరిగేసరికి అదే తలుపు మళ్లీ విప్పాల్సి వస్తుంది.